ఆకుపచ్చ గీత

మంట మూడో అంతస్తు దాకా రాలేదు. పొగ వచ్చింది. ఆ పొగలో కొడుకు పోయి ముప్పై ఎనిమిది రోజులైంది బడిపంతులికి. ఇవాళ మధ్యాహ్నం సెలవు పెట్టి, బోర్డుల షాపు వెనకగదిలో పనిబల్లకి ఇటువైపు కూర్చున్నాడు. అటువైపు నిలబడ్డవాడు ఆయన భార్యకి తమ్ముడు. ఆ విద్యార్థుల హాస్టల్లో బోర్డులన్నీ పెట్టింది అతనే.

"ముప్పై రెండు మందిలో ముప్పై ఒక్కరు దిగారు. అక్కడిదాకా చెప్పావు. తర్వాత?"

"తర్వాతది మీకు తెలిసిందే కదా బావా."

"నాకు తెలిసింది నీ నోటితో చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పాలి? పోలీసులకి చెప్పాను. విచారణకి వచ్చినవాళ్ళకి రాసిచ్చాను."

"నాకు చెప్పలేదు."

"మీరు చెప్పనిచ్చారా? ఆ రోజు ఇంటికొస్తే గేటు దగ్గరే ఆపేశారు. మా అక్క మొహం కూడా చూడనివ్వలేదు నన్ను."

"ఆ రోజు నువ్వు గేటు దాటి ఉంటే ఏం జరిగేదో నాకే తెలీదు. చెప్పు. రాత్రి పదిన్నరకి మీటర్ల గదిలో వైర్లు అంటుకున్నాయి."

"అంటుకున్నాయి. కరెంటు పోయింది. లిఫ్టు ఆగింది. పొగ లిఫ్టు గుంతలోంచి పైకి కొట్టింది."

"వాడెక్కడున్నాడు?"

"బాత్‌రూములో. స్నానం చేసి బయటికొచ్చేసరికి అంతస్తంతా ఖాళీ."

"కింద నుంచి వార్డెను ఏమని అరిచాడు?"

"వద్దు బావా."

"ఏమని అరిచాడు?"

"ఆకుపచ్చ గీత పట్టుకుని రండి, ఆకుపచ్చ గీత పట్టుకుని రండి అని."

"గోడ అడుగున నువ్వు అంటించిన గీత."

"నేను అంటించిందే."

"వాడి గుమ్మం దగ్గర నిలబడితే కుడివైపు ఆకుపచ్చ గీత. మెట్లకి పోతుంది. ఎడమవైపు?"

"ఇటుకరంగు. నీళ్ళ ట్యాంకు గదికి. అటు ప్లంబరు తప్ప ఎవరూ పోరు."

"వాడు పోయాడు. చేరి పదకొండు రోజులు. రోజూ లిఫ్టులో ఎక్కాడు, లిఫ్టులో దిగాడు. మెట్లు ఎటున్నాయో చూసి ఎరగడు. చేతిలో ఫోను లైటుంది. గీత కనబడింది. దాని వెంట పోయాడు. పోతే ఇనప తలుపు. దానికి తాళం."

"తాళం నేను వెయ్యలేదు."

"వేసినవాళ్ళ సంగతి వాళ్ళతో తేల్చుకుంటాను. నీ సంగతి నీతో. కూర్చో."

"పనుంది. ఇదంతా సోమవారానికి ఎక్కాలి. సోమవారం హాస్టల్ తెరుస్తున్నారు."

"తెలుసు. అందుకే వచ్చాను. తల్లిదండ్రుల తరఫున కొత్త బోర్డులు చూసి సంతకం పెట్టమన్నారు. నా సంతకం లేకుండా ఒక్క మేకు కూడా దిగదు."

"మిమ్మల్నే పంపాలా? వేరే ఎవరూ దొరకలేదా వాళ్ళకి?"

"నేనే అడిగి తీసుకున్నాను."

"నన్ను ఉరి తియ్యడానికి."

"ఒక ప్రశ్నకి జవాబు తీసుకెళ్ళడానికి. ముప్పై ఎనిమిది రోజుల్లో మీ అక్క మాట్లాడింది చాలా తక్కువ. ఒక ప్రశ్న మాత్రం పొద్దున లేస్తే అడుగుతోంది. ఆ రెండు రంగులు ఎవరు ఎంచారు అని. ఇవాళ జవాబు తెలుసుకోకుండా ఇంటికి రావద్దంది."

"అక్కే అందా?"

"అక్కే."

"నన్ను అడగొచ్చుగా?"

"నీ పేరు ఎత్తడం లేదు."

"మంచినీళ్ళు తాగుతారా?"

"వద్దు. ఇవేనా కొత్త ముక్కలు?"

"చెయ్యి పెట్టకండి, ఆ చివరిది ఆరలేదు."

"ఇదేంటి?"

"ఆక్రిలిక్. మూడు మిల్లీమీటర్లు."

"అద్దంలా మెరుస్తోంది. దీని మీద లైటు పడితే అక్షరం కనబడుతుందా, లైటు కనబడుతుందా?"

"లైటే."

"మరి ఎందుకు పెట్టావిక్కడ?"

"మేనేజరు చూపించమన్నాడు. ఆయనకి మెరవాలి."

"ఇది?"

"స్టీలు అక్షరాలు. గోడ మీద విడివిడిగా అంటిస్తాం."

"తెల్లగోడ మీద వెండిరంగు. పొగలో ఎంత దూరం కనబడుతుంది?"

"పొగలో ఎవరు చూడమన్నారండీ! మామూలు రోజుల్లో బాగుంటుంది."

"మామూలు రోజుల్లో పిల్లలకి నీ బోర్డు అక్కర్లేదు. ఒకణ్ణొకడు అడుగుతారు. ఎవరూ లేనప్పుడే బోర్డు కావాలి. ఇది?"

"వినైల్. స్టిక్కరు. గీతలు దీంతోనే వేశాం."

"వేడికి?"

"ముడుచుకుంటుంది."

"ఇది?"

"అల్యూమినియం రేకు, పైన మ్యాట్ రంగు. మెరవదు, కాలదు. దీని మీద రేడియం షీటు వేస్తే చీకట్లో అరగంట వెలుగుతుంది."

"ఇది మొదటిసారే ఎందుకు పెట్టలేదు?"

"అడిగితే కదా పెట్టేది."

"అడక్కపోతే చెప్పవా? పాతికేళ్ళ అనుభవం, పెద్ద ఆర్టిస్టు గారివి."

"బడిలో పిల్లల్ని నిలబెట్టి అడిగినట్టు అడుగుతున్నారు."

"పిల్లలైతే జవాబు చెబుతారు. రంగులు ఎవరు ఎంచారు?"

"ఎవరు ఎంచడమేంటి? అందరూ కూర్చుని అనుకున్నాం."

"అందరూ అంటే?"

"మేనేజరు, నేను, అప్పుడప్పుడు ఆ పెయింటింగ్ మేస్త్రీ..."

"మేస్త్రీని నిన్న కలిశాను. గోడ తెలుపు ఒక్కటే నాది, గీతల ఊసే నాకు తెలీదన్నాడు. ఇక మిగిలింది మేనేజరు, నువ్వు."

"మేనేజరే. అంతా ఆయన ఇష్టమే."

"ఫోను చెయ్యి."

"ఇప్పుడా? భోజనం చేసి పడుకునే టైము బావా."

"చెయ్యి. స్పీకరు పెట్టు."

ఫోను పనిబల్ల మధ్యలో పెట్టారు. నాలుగుసార్లు మోగాక మేనేజరు గొంతు వినబడింది.

"ఆ చెప్పవయ్యా, బంగారు రంగు అక్షరాలు కోశావా? గేటు దగ్గర పెద్దవి, లోపల చిన్నవి, మొన్న చెప్పానే."

"సార్, మా బావగారు ఉన్నారు పక్కన. సంతకం పెట్టడానికి వచ్చారు."

"ఓ. నమస్కారం మాస్టారూ. ఎలా ఉన్నారు?"

"ఉన్నాను. ఒక్క విషయం చెప్పండి. గోడ అడుగున ఆ రెండు గీతలకి ఆ రెండు రంగులు ఎవరు ఎంచారు?"

"రంగులా? మీ బావమరిదేనండీ. రంగుల సంగతి నాకేం తెలుస్తుంది? హోటల్లా ఉండాలి, చూడగానే తల్లిదండ్రులకి నచ్చాలి, గాఢంగా కళ్ళలో పొడిచే రంగులు వద్దు అన్నాను. అంతే. రెండూ మెత్తగా, సమంగా ఉండాలన్నాను. ఏ రెండో అతనే తెచ్చాడు."

"బాణం గుర్తులు?"

"బాణాలు పెడితే రైల్వే స్టేషన్ లా ఉంటుందని వద్దన్నాను. అవును, అన్నాను. కాదనడం లేదు."

"'మెట్లు' అని రాయించొచ్చుగా?"

"అన్ని చోట్లా రాతలేనా మాస్టారూ? చూడ్డానికి బాగుండొద్దూ? ఇప్పుడు మీరు కోపంలో ఉన్నారు. కోపంలో ఉన్నవాళ్ళతో నేను వాదించను. కానీ అడిగారు కాబట్టి ఒక మాట అంటాను. అనొచ్చా?"

"అనండి."

"ముప్పై ఒక్కమంది దిగారు. అదే పొగ, అవే గీతలు. ఒక్కడూ అటు పోలేదు. రెండో అంతస్తులో కాలు విరిగి కట్టుతో ఉన్నవాడు కూడా దిగాడు. మరి మీ అబ్బాయికి ఒక్కడికే ఎందుకు దారి తెలియలేదు? నేను తప్పుగా అడగడం లేదు. నాకూ నిద్ర పట్టడం లేదు. గీతలు బాగాలేకపోతే ఇంకో నలుగురన్నా అటు పోవాలి కదా? మాస్టారూ? ఉన్నారా?"

"ఉన్నాను. పెట్టేయండి ఫోను."

"సంతకం మాత్రం సాయంత్రం లోపల..."

"పెట్టేయి. ఆ ఫోను పెట్టేయి."

"పెట్టేశాను బావా."

"విన్నావుగా. నువ్వే ఎంచావు."

"నేను తెచ్చాను. ఆయన సరేనన్నాడు."

"తెచ్చినవాడే ఎంచినవాడు. ఇంతసేపూ అబద్ధం చెప్పావు."

"అబద్ధం కాదు."

"మరేంటి?"

"భయం. అక్క దగ్గరికి నా పేరు పోతుందని."

"పోవాలి. ఆ రెండే ఎందుకు తెచ్చావు? అంగట్లో వంద రంగులు ఉండగా?"

"షేడు కార్డులో పక్కపక్కన ఉన్నాయి. మెత్తగా ఉన్నాయి. సమంగా ఉన్నాయి. ఆయన అడిగింది అదే."

"ఆ రెండు ముక్కలు ఉన్నాయా ఇక్కడ?"

"ఎందుకు?"

"ఉన్నాయా లేవా?"

"ఆ డబ్బాలో ఉంటాయి. మిగిలినవి."

"ప్రతి ముక్క వెనకా ఈ చీటీలేంటి?"

"షేడు నంబర్లు."

"నంబర్లు కావు. 'ఎరుపు', 'ఆకుపచ్చ', 'ఇటుక' అని రాసుంది. చెల్లెమ్మ దస్తూరీ ఇది."

"మా ఆవిడే రాస్తుంది. మరిచిపోకుండా."

"రంగుని మరిచిపోతారా ఎవరైనా?"

"పనిలో తొందరగా ఉంటుందని. ఇటివ్వండి ఆ డబ్బా."

"ఉండు. వచ్చిన దగ్గర్నించీ చూస్తున్నాను. ఏ ముక్క తీసినా ముందు తిప్పి వెనక చూస్తున్నావు. తర్వాతే మాట్లాడుతున్నావు."

"అలవాటు."

"ఇదిగో, ఈ రెంటికీ చీటీలు పీకేశాను."

"ఎందుకు పీకారు? ఆవిడ మళ్ళీ రాయాలి కదా!"

"ఇందులో మెట్లకి పోయేది ఏది? ట్యాంకుకి పోయేది ఏది?"

"నాతో ఆటలా? ఇది ఆటలాడే సమయమా?"

"కాదు. చెప్పు."

"వెలుతురు చాలట్లేదు."

"కిటికీ పక్కన ఉన్నాం. రెండున్నర అయింది."

"కళ్ళజోడు..."

"మొహానే ఉంది."

"ఇది."

"ఇది ఏంటి?"

"ఇది ఆకుపచ్చ."

"అది ఇటుకరంగు."

"తొందరపెట్టారు. తొందరపెడితే ఎవరికైనా..."

"మళ్ళీ కలుపుతాను. వెనక్కి పెట్టి కలిపాను. ఇప్పుడు చెప్పు. నింపాదిగా చెప్పు. నేనెక్కడికీ పోను."

"ఈ రెండూ ఒకటే ముక్కలోంచి కోసినవి. మీరు రెండూ ఒకే రంగువి తీసి నన్ను..."

"ఒకటి ఆకుపచ్చ. ఇంకోటి ఇటుక. ఆ గోడకి అంటించినవే. నీకు కనబడదు."

"తలుపు వేస్తాను. ముందు షాపులో మనుషులున్నారు."

"వెయ్యి. వేసి చెప్పు."

"చెప్పడానికేముంది? కనబడదు."

"ఎప్పట్నించి?"

"పుట్టినప్పట్నించి. ఎరుపు, ఆకుపచ్చ, ఇటుక, ఇంకా కొన్ని. అన్నీ ఒక్కలాగే మట్టిగా ఉంటాయి. ముదురూ లేతా తెలుస్తుంది. పసుపు తెలుస్తుంది, నీలం తెలుస్తుంది."

"ఎవరికి తెలుసు?"

"మా ఆవిడకి. అంతకుముందు మా నాన్నకి. ఆయన దగ్గరే కదా పని నేర్చుకున్నాను. డబ్బాలు వరసలో పెట్టేవాడు. మొదటిది ఎరుపు, రెండోది ఆకుపచ్చ, మూడోది నీలం. వరస మారిస్తే వీపు చిట్లేది. ఎవరికీ చెప్పకురా, చెబితే నీకు బోర్డు ఎవడిస్తాడు అనేవాడు. అక్కకి కూడా చెప్పలేదు."

"రంగులు తెలియనివాడివి, రంగుల షాపు పెట్టావు."

"అక్షరాల షాపు బావా. అక్షరం నాలా కోసేవాడు లేడు, మీకూ తెలుసు. మీ బడి బోర్డు నేను రాసిందే కదా?"

"నీ గొప్ప నన్ను అడక్కు."

"గొప్ప కాదు. ఎలా బతికానో చెబుతున్నాను. ఎప్పుడూ ఒకటి ముదురుది, ఒకటి లేతది పెట్టేవాణ్ణి. అలా అయితే నాకూ తెలుస్తుంది, లోకానికీ తెలుస్తుంది. ఈ ఒక్క పనిలో ఆయన సమంగా కావాలన్నాడు. కార్డులో పేరు చూసి తెచ్చాను. మా ఆవిడ చూసింది. రెండూ వేరేగా బాగానే తెలుస్తున్నాయి అంది. అంటించాను."

"అంటించాక చూశావా?"

"చూశాను."

"ఏం కనబడింది?"

"మూడో అంతస్తులో నడిమధ్య నిలబడ్డాను. అటు ఒక గీత, ఇటు ఒక గీత. రెండూ ఒక్కటే. మెట్లు ఎటో నాకే తెలియలేదు. మేనేజరు పక్కనే ఉన్నాడు, ఎలా ఉంది అన్నాడు. బ్రహ్మాండం అన్నాను."

"బ్రహ్మాండం అన్నావు."

"నా ఒక్కడికే కదా అనుకున్నాను. పిల్లల కళ్ళు మంచివి, వాళ్ళకెందుకు తెలియదు అనుకున్నాను."

"రాయి."

"ఏంటి?"

"ఇదిగో కాగితం, ఇదిగో పెన్ను. ఇప్పుడు నాతో చెప్పిందే రాయి. నాకు రంగులు తెలియవు, తెలియకుండానే ఎంచాను, అంటించాక నాకే దారి తెలియలేదు, అయినా నోరు మూసుకున్నాను అని. కింద సంతకం పెట్టు. మీ అక్కకి చూపిస్తాను."

"రేపటి నుంచి నాకు పని ఉండదు."

"ఉండకూడదు."

"మా ఆవిడ, పిల్లలు..."

"నా ఇంట్లో ఇప్పుడు పిల్లలు లేరు. నీ పిల్లల గురించి నాకు చెప్పకు."

"సరే. రాస్తాను."

"రాయి."

"రాస్తున్నాను కదా. నెత్తిమీద నిలబడకండి."

"'నోరు మూసుకున్నాను' అన్న చోట ఎందుకు ఆగావు?"

"దానికి కాదు ఆగింది. మేనేజరు అన్న మాట చెవిలో తిరుగుతోంది. ముప్పై ఒక్కమందికి తెలిసింది. వాడికొక్కడికే తెలియలేదు."

"పొగ."

"పొగ అందరికీ ఒకటే."

"ఒంటరిగా ఉన్నాడు. కంగారుపడ్డాడు. రాయి ముందు."

"కంగారుపడితే గీత వదిలేసి పరిగెత్తుతాడు. వాడు వదల్లేదు. గోడ పట్టుకుని, గీత పట్టుకుని, చివరిదాకా పోయాడు. వార్డెను అరుపు విన్నాడు కాబట్టే అలా పోయాడు. ఆకుపచ్చ అనుకునే పోయాడు."

"రాస్తావా రాయవా?"

"బావా, పిచ్చుక కూడా నాలాంటివాడేనా?"

"ఆ పేరు అనకు."

"నా మేనల్లుడికి నేను పెట్టిన ముద్దుపేరు. నేను అంటాను. వాడికి కూడా కనబడదా?"

"నిన్ను రాయమన్నాను."

"మీ బడిలో పిల్లాడు ఇలా మాట దాటేస్తే వదిలేస్తారా? చెప్పండి. ఇప్పటిదాకా నన్ను అడిగారు, ఇప్పుడు నేను అడుగుతున్నాను. కనబడదా?"

"కనబడదు."

"ఎప్పట్నించి తెలుసు మీకు?"

"మూడో క్లాసులో. నా క్లాసులోనే ఉన్నాడు ఆ ఏడు. ఆకుపచ్చ బోర్డు మీద ఎర్ర సుద్దతో ఒక లెక్క వేశాను. తెల్ల సుద్ద అయిపోయింది. అందరూ ఎక్కించుకుంటున్నారు. వాడు ఖాళీ పుస్తకం ముందు పెట్టుకుని నా మొహం చూస్తున్నాడు. మాస్టారి కొడుకునని పొగరనుకున్నాను. చెయ్యి చాపమన్నాను. రెండు వేశాక, బోర్డు మీద ఏమీ లేదు కదండీ అన్నాడు. బడిలో నన్ను నాన్నా అనేవాడు కాదు."

"తర్వాత?"

"పక్క ఊరికి తీసుకెళ్ళి డాక్టరుకి చూపించాను. మందు లేదన్నాడు. ఆ రాత్రి నుంచి నేర్పించాను. ఆకులు పచ్చగా ఉంటాయి, ఇటుకలు ఎర్రగా ఉంటాయి, సిగ్నల్లో పైది ఆగమని, కిందది పొమ్మని. ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పేలా బట్టీ పట్టించాను. బాగా నేర్చుకున్నాడు. తెలివైనవాడు."

"హాస్టల్లో చేర్చేటప్పుడు చెప్పలేదా?"

"ఫారంలో ఒక గడి ఉంది. కంటి లోపం ఏదైనా ఉందా అని. లేదు అని రాశాను."

"మీరు రాశారా?"

"నా దస్తూరీతో. కాలేజీ ఫారంలోనూ అదే రాశాను. ఎలక్ట్రికల్ చదవాలని వాడి ఆశ. ఉందని రాస్తే ఆ సీటు ఇవ్వరని విన్నాను."

"ఆ ఒక్క గడిలో నిజం రాసి ఉంటే వార్డెను వాణ్ణి చెయ్యి పట్టుకుని మెట్లు చూపించేవాడు బావా. మొదటి రోజే చూపించేవాడు."

"తెలుసు."

"తెలుసా! తెలిసే నన్ను గేటు దగ్గర ఆపారా? తెలిసే నా చేత కాగితం రాయిస్తున్నారా?"

"నీ తప్పు నీదే. నాది ఉందని నీది పోదు."

"పోదు. కానీ కాగితం మీద నాదొక్కటే ఉంది. మీ సంతకం ఎక్కడ? తీసుకోండి మీ పెన్ను, నేనింక రాయను. లేవండి. వెళ్ళండి నా షాపులోంచి."

"వెళతాను. బోర్డులు చూశాక వెళతాను. సోమవారం ఆ అంతస్తుకి మళ్ళీ పిల్లలు వస్తారు. వాళ్ళలో మనవాడిలాంటి వాడు ఎవడైనా ఉంటాడు. వాడి నాన్న కూడా గడిలో లేదు అనే రాసి ఉంటాడు. ఈ ముక్కలన్నీ బల్ల మీద పరుస్తాను. చీటీలు వద్దు. నీ కంటికి ఏ రెండు పక్కపక్కన పెడితే కొట్టొచ్చినట్టు వేరుగా కనబడతాయో తియ్యి."

"నా కంటికా?"

"నీ కంటికే. నీకు తెలిస్తే అందరికీ తెలుస్తుంది."

"ఇది, ఇది."

"నలుపు మీద పసుపు."

"ఇది కూడా పరవాలేదు. నీలం మీద తెలుపు. కానీ పొగలో మొదటిదే మేలు."

"సరే, నలుపు మీద పసుపు. రేకు?"

"అల్యూమినియం. మ్యాట్. అక్షరాల మీద రేడియం."

"మెట్ల వైపే పెట్టు. ట్యాంకు వైపు గీత పీకెయ్. దారి కానిదానికి గీత ఎందుకు?"

"అక్కడ 'దారి లేదు' అని రాస్తాను. ఇంతెత్తు అక్షరాలతో. బాణాలు కూడా పెడతాను. రేకు మీద ఎత్తుగా కోస్తాను, కళ్ళు మూసుకుని తడిమినా ఎటో తెలిసేట్టు. మోకాలి ఎత్తులో. పొగ పైన ఉంటుంది, పాకుతూ వచ్చేవాళ్ళకి అందాలి."

"రైల్వే స్టేషన్ లా ఉందంటాడు మేనేజరు."

"అననీ."

"ఎక్కడ సంతకం పెట్టాలి?"

"ఇక్కడ. తేదీ వెయ్యండి."

"వేశాను."

"ఒక్కటి అడగనా? కోపంతో కాదు. నాకూ వాడికీ ఇద్దరికీ ఒకటే లోపం ఎలా వచ్చింది?"

"యాదృచ్ఛికం."

"నా వైపు చూసి చెప్పండి. డాక్టరు దగ్గరికి వెళ్ళానన్నారు. ఆయన ఏమన్నాడు?"

"మందు లేదన్నాడు."

"అదొక్కటేనా?"

"ఇది రక్తంలో వస్తుందన్నాడు. మగపిల్లలకి తల్లి వైపు నుంచి వస్తుందట. తల్లికి ఏమీ ఉండదు, ఆమెకి అన్నీ కనబడతాయి, కొడుక్కి ఇస్తుంది. వీడికి మేనమామ ఉన్నాడా అని అడిగాడు. ఉన్నాడన్నాను. ఏం చేస్తాడు అన్నాడు. బోర్డులు రాస్తాడన్నాను. ఆయన నవ్వాడు. అయితే ఒకసారి అతన్ని కూడా అడగండి అన్నాడు."

"అడగమన్నాడా?"

"అడగమన్నాడు."

"తొమ్మిదేళ్ళ క్రితం."

"తొమ్మిదేళ్ళు దాటింది."

"ఈ షాపు ముందు నుంచే రోజూ బడికి పోతారు మీరు. ఒక్క రోజు ఆగి అడిగి ఉంటే వాడి సంగతి నాకు తెలిసేది. వాడు ఉండబోయే హాస్టల్ గోడకి నేను ఆ గీత వేసేవాణ్ణా? మేనేజరు కాళ్ళు పట్టుకునైనా బాణం పెట్టేవాణ్ణి. అడగాల్సింది తొమ్మిదేళ్ళ క్రితం. ఇవాళ వచ్చి చీటీలు పీకి అడుగుతారా?"

"అరుచుకో."

"ఎందుకు అడగలేదు? మనిషైతే చెప్పండి, ఎందుకు అడగలేదు?"

"అడిగితే మాట మీ అక్క చెవిలో పడుతుందని. తన వల్లే వచ్చిందనుకుని కుమిలిపోతుందని."

"ఇప్పుడు తెలుసా అక్కకి? బావా, ఆ రంగులు ఎవరు ఎంచారని ఎదురుచూస్తూ కూర్చుంది అక్క. దాని సంగతి తర్వాత. తన కొడుక్కి రంగులు తెలియవన్న సంగతన్నా తెలుసా?"

"తెలీదు. వాడు చెప్పలేదు, నేను వద్దన్నాను కాబట్టి. నేను చెప్పలేదు. తనలోంచి వచ్చిందన్నది అసలే తెలీదు. ఆమెకి ఇంకా ఏమీ చెప్పలేదు."